చుక్క మూపు మీద రెండు మచ్చలు

నా గుర్రం చుక్కకు ఆ పేరు నేను పెట్టింది కాదు. పుట్టుకతోనే నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంది. చూసినవాళ్ళంతా అలా పిలిచారు, అదే నిలిచిపోయింది. ఇప్పుడు దాని ఒంటి మీద మూడు తెల్లమచ్చలున్నాయి. మిగతా రెండూ మూపుకు, అంటే మెడ వీపులో కలిసేచోటి ఎత్తుకు, అటొకటి ఇటొకటి, బొటనవేలు ఆనించినంత మేర. అవి పుట్టుకతో వచ్చినవి కావు. నేను కొన్న జీను వల్ల వచ్చాయి.

జీను ఒకేచోట అదేపనిగా నొక్కుతుంటే అక్కడి చర్మానికి రక్తం సరిగ్గా అందదు. వెంట్రుకల కుదుళ్ళలో రంగు తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. తర్వాత అక్కడ మొలిచే వెంట్రుక తెల్లగా మొలుస్తుంది, చాలాసార్లు ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. నొప్పి పోయినా, కండ తిరిగి నిండినా, ఆ తెలుపు మాత్రం పోదు. రోజూ దువ్వెన పెట్టి చుక్కను తోముతున్నప్పుడు నా చెయ్యి ఆ రెండు మచ్చల దగ్గరికి రాగానే నెమ్మదిస్తుంది.

గుర్రానికి పొగరు అనే ముందు జీను తీసి వీపు చూడాలి. ఈ వ్యాసమంతా ఈ ఒక్క మాట కోసమే రాస్తున్నాను. ఈ మాట నాకు ఎవరైనా మూడేళ్ళ ముందు గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ జీను కొన్న రోజు బాగా గుర్తుంది. కొయ్య దిమ్మ మీద పెట్టి ఉంది. ఎక్కి కూర్చున్నాను. తోలు మెత్తగా ఉంది, తొడల కింద ఒదిగిపోయింది, లేవబుద్ధి కాలేదు. "ఇది మీడియం అండీ, దాదాపు అన్ని గుర్రాలకీ సరిపోతుంది" అన్నాడు అమ్మే ఆయన. నమ్మాను. ఆ దిమ్మ ఊపిరి పీల్చదు. దానికి భుజాలు లేవు, అడుగు వెయ్యదు, ఎండకు చిక్కదు, మేతకు ఒళ్ళు చెయ్యదు. అలాంటి దాని మీద కూర్చుని నేను చుక్కకు జీను ఎంచుకున్నాను.

మొదటి నెల ఏమీ తెలియలేదు. రెండో నెల నుంచి, జీను పట్టుకుని వస్తుంటే చెవులు వెనక్కి వాల్చేది. పొట్ట కింది పట్టీ బిగిస్తుంటే ఊపిరి బిగబట్టి, మెడ తిప్పి గాలిని కొరికేది. ఎక్కాక వీపు కుంగదీసి, తల పైకెత్తి, పొట్టి పొట్టి అడుగులు వేసేది. పల్లంలోకి దిగాలంటే మొండికేసేది. శాలలో అందరిదీ ఒకటే మాట: "దానికి పొగరెక్కింది. రౌతు కొద్దీ గుర్రం. నువ్వు మెత్తబడితే అది నెత్తికెక్కుతుంది." నేను పగ్గాలు ఇంకాస్త బిగించి పట్టాను. అడుగు వెయ్యకపోతే మడమతో గట్టిగా పొడిచాను. ఇది రాయడం నాకు తేలిక కాదు.

రౌతు కొద్దీ గుర్రం అన్నది నిజమే. కాకపోతే వాళ్ళు చెప్పిన అర్థంలో కాదు. చుక్క అలా తయారవడానికి కారణం రౌతే. ఆ రౌతు ఎంచుకున్న జీనే.

ఏళ్ళ తరబడి జీనులు సరిచేసే పనిలో ఉన్న ఒక పెద్దావిడ ఒకరోజు మా శాలకు వేరే గుర్రం కోసం వచ్చింది. బతిమాలి చుక్కను చూడమన్నాను. నా జీను ముట్టుకోనైనా లేదు. ముందు చుక్కను చదునైన నేల మీద నాలుగు కాళ్ళూ సమంగా ఉండేలా నిలబెట్టమంది. వెనక కాస్త దూరంలో స్టూలెక్కి వీపు పొడవునా చూసింది. తర్వాత వేళ్ళు చదునుగా పెట్టి, మూపు వెనక నుంచి నడుము దాకా వెన్నుకు రెండు వైపులా నొక్కుకుంటూ వెళ్ళింది. మూపు వెనక ఒకచోట వేళ్ళు ఆనగానే చుక్క వీపు గబుక్కున కిందికి దిగిపోయింది. "ఇక్కడ గుంటలు చూడు. ఇక్కడ కండ ఉండాలి" అంది ఆవిడ. ఆ గుంటల్ని నేను అంతకుముందు చూడకపోలేదు. చుక్క కట్టుబడే అంత అనుకున్నాను. నొక్కుడు పడిన చోట కండ కరిగిపోయి గుంట పడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

తర్వాత ఆవిడ చేయించిన పని నేను జన్మలో మర్చిపోను. జీను పెట్టి పట్టీ బిగించి, నా అరచేతిని జీను ముందు భాగం కిందికి, భుజం మీదికి దూర్చమంది. ఆవిడ చుక్క ముంగాలు పట్టుకుని మెల్లగా ముందుకు లాగింది. భుజం ఎముక వెనక్కి తిరిగింది. నా వేళ్ళు ఎముకకీ జీనుకీ మధ్య నలిగిపోయాయి. కెవ్వుమని చెయ్యి లాగేసుకున్నాను. "అడుగడుక్కీ దానికి ఇదే" అంది. ఇంకేమీ అనలేదు.

అక్కడ జరుగుతున్నది ఇదీ. గుర్రానికి మనలాగా మెడ కింద అడ్డంగా ఉండే ఎముక (కాలర్ బోన్) లేదు. ముంగాళ్ళు రెండూ మొండేనికి కండలతో మాత్రమే అతుక్కుని ఉంటాయి. భుజం మీద త్రికోణంలా ఉండే వెడల్పాటి పలక ఎముక కాలు ముందుకు వేసినప్పుడల్లా తిరుగుతుంది, దాని పై అంచు వెనక్కి జరుగుతుంది. ఆ అంచు గట్టి ఎముక కూడా కాదు, మృదులాస్థి. జీను లోపల ట్రీ అని ఒక గట్టి చట్రం ఉంటుంది, చెక్కతోనో ఉక్కుతోనో ప్లాస్టిక్‌తోనో చేసింది. దాని ముందరి కొమ్ములు భుజం పలక వెనక కూర్చోవాలి. ముందుకు జరిపి పెట్టినా, చట్రం ఇరుకైనా, కాలు చాచిన ప్రతిసారీ పలక అంచు వెళ్ళి ఆ కొమ్ముకు గుద్దుకుంటుంది. అందుకే గుర్రం అడుగు కుదించుకుంటుంది. మనం దాన్ని బద్ధకం అంటాం.

మూపు అంటే కండల దిబ్బ కాదు. వెన్నుపూసల మీది ముళ్ళు అక్కడ బాగా పొడుగ్గా పెరిగి ఉంటాయి, వాటి మీద ఉన్నది చర్మం, పలుచని కండ, వెన్ను పొడవునా సాగే స్నాయువు మాత్రమే. అక్కడ బరువు పడకూడదు. వెన్ను మధ్య గీత మీదా పడకూడదు. బరువు మొయ్యాల్సింది వెన్నుకు రెండు పక్కలా పొడవుగా సాగే కండలు, వాటి కింద ఆసరాగా ఉన్న పక్కటెముకలు. గుర్రానికి సాధారణంగా 18 జతల పక్కటెముకలుంటాయి. చివరి పక్కటెముకను చేత్తో తడిమి, అది ఎటు వంగి వెన్నుకు చేరుతోందో వేలితో గీసుకుంటూ పైకి వెళ్ళండి. జీను అడుగున వీపు మీద ఆనే మెత్తటి దిండ్లు ఆ గీత దాటకూడదు. దాటితే బరువు నడుము మీద పడుతుంది, దాని కింద పక్కటెముకల ఆసరా లేదు. పొట్టి వీపు గుర్రానికి పొడుగు రౌతు దొరికితే ఇక్కడే చిక్కొస్తుంది.

నా జీను ఇరుకు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, అది బాగా సరిపోయిందనే నేను అనుకున్నాను. జీను ముందరి ఎత్తు వంపుకీ మూపుకీ మధ్య నాలుగు వేళ్ళు సులువుగా దూరేవి. ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని నమ్మకం. రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉండాలన్న మాట నిజమే, అదీ రౌతు ఎక్కాక కూడా మిగలాలి. కానీ చట్రం ఇరుకైతే జీను మూపు మీదికి దిగలేక, చిన్న మూత పెద్ద గిన్నె మీద నిలిచినట్టు పైన నిలబడిపోతుంది. ముందు భాగం లేస్తుంది, కూర్చునే గుంట వెనక్కి జారుతుంది, నా బరువు దిండ్ల వెనక చివర్ల మీద పడుతుంది. అంటే ముందు కొమ్ములు కండలో దిగుతున్నాయి, వెనక నేను దిగుతున్నాను. చట్రం మరీ వెడల్పైతే దీనికి వ్యతిరేకం: ముందు భాగం వాలి నేరుగా మూపు ఎముక మీద కూర్చుంటుంది.

ఆ ఇరుకు జీనుకు నేను చేసిన వైద్యం ఇంకా ఘోరం. వీపు నొప్పేమోనన్న అనుమానం రాగానే జీను కింద వేసే మందపాటి ప్యాడ్ కొన్నాను. ఆ తర్వాత దాని మీద గొర్రె ఉన్ని ప్యాడ్ ఇంకోటి. మెత్తగా ఉంటుంది కదా అని. బిగుతు చెప్పుల్లో కాలు నలుగుతుంటే మేజోళ్ళు రెండు జతలు తొడిగినట్టయింది. ప్యాడ్ ఖాళీని నింపగలదు, లేని చోటును పుట్టించలేదు. కాస్త వెడల్పుగా ఉన్న జీనుకు, గుర్రం ఒళ్ళు తగ్గిన కొన్నాళ్ళపాటు, తెలిసినవాళ్ళు చూసి చెబితే ప్యాడ్ పనికొస్తుంది. ఇరుకు జీనుకు ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా నొక్కుడు పెరుగుతుందే తప్ప తగ్గదు. ప్యాడ్‌తో జీను సరిచేసుకున్నామనే మాట ఎక్కడ విన్నా నాకు భయమేస్తుంది.

అందుకే జీను చూసేటప్పుడు ప్యాడ్ లేకుండా వట్టి వీపు మీద చూడాలి. ముందుగా మూపు మీదికి కాస్త ముందుకే పెట్టి, వెంట్రుకల వాటున వెనక్కి నెమ్మదిగా జరపండి. ఒకచోట అదే ఆగుతుంది. అది ఆగిన చోటే దాని చోటు. మనకు నచ్చిన చోటికి తొయ్యకూడదు. పట్టీ బిగించకుండానే ముందూ వెనకా చేత్తో నొక్కి చూడండి. ఊయల బల్లలా ఊగితే దిండ్ల వంపు వీపు వంపుకంటే ఎక్కువన్నమాట. ఊగకపోయినా నిశ్చింతగా ఉండకండి. ఒక చెయ్యి దిండు కిందికి పెట్టి, ముందు నుంచి వెనక దాకా జరుపుకుంటూ వెళ్ళండి. ముందూ వెనకా గట్టిగా తగిలి మధ్యలో చెయ్యి వదులుగా ఆడితే, జీను వంతెనలా రెండు చివర్ల మీద నిలబడిందని అర్థం. పైనుంచి చూస్తే అది నిక్షేపంగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, అందుకే ఎక్కువమంది దీన్ని గమనించరు. తర్వాత వెనక నుంచి వంగి రెండు దిండ్ల మధ్య కాలువలోంచి చూడండి. వెలుతురు అటు నుంచి ఇటు దాకా కనబడాలి. ఆ కాలువ మూడు నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి, వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నబడిపోకూడదు.

చెమట మచ్చల గురించి ఒక మాట. జీను తీశాక చెమట అంతటా సమంగా పట్టి ఉంటే మంచి గుర్తేనంటారు. మధ్యలో పొడిగా ఉన్న చోటు అనుమానించాల్సిందే. కానీ అక్కడ నొక్కుడు ఎక్కువై చెమట పట్టకపోయి ఉండవచ్చు, అసలు జీను తగలకే పొడిగా ఉండి ఉండవచ్చు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. అక్కడ వేళ్ళు పెట్టి నొక్కి చూస్తేనే తేలుతుంది.

ఇదంతా గుర్రం వైపు. ఇక్కడ నాకు కొంతమందితో గొడవ ఉంది. గుర్రానికి సరిపోతే చాలు, రౌతు ఎలాగో సర్దుకోవాలి అంటారు వాళ్ళు. వినడానికి ఉదారంగా ఉంటుంది. కానీ సర్దుకునే రౌతు ఎక్కడ సర్దుకుంటాడు? గుర్రం వీపు మీదే. కూర్చునే గుంట చిన్నదైతే నేను వెనక ఎత్తు మీదికి నెట్టబడతాను, నా బరువు మొత్తం జీను వెనక సగం మీదికి పోతుంది. రికాబు తోలు వేలాడే ఇనప కమ్మీ మరీ ముందుకు ఉంటే నా కాళ్ళు ముందుకు పోతాయి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలతాను, ట్రాట్‌లో, అంటే గుర్రం మెల్లగా పరుగెత్తే నడకలో, లేచి కూర్చునే ప్రతిసారీ ధబ్బున పడతాను. తొడ పొడుగైనవాళ్ళకు ముందరి రెక్క పొట్టిదైతే మోకాలు అంచు మీద ఆగి నడుము బిగుసుకుపోతుంది. జీను మధ్యభాగం, తొడల మధ్య పడేది, నా కటి ఎముకలకు మరీ వెడల్పైతే తుంటి నొప్పి పుట్టి ఒక పక్కకు ఒరుగుతాను. ఒరిగిన బరువును చుక్క ఒక పక్కనే మోస్తుంది. భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో పడేలా ఊరికే కూర్చోగలగాలి. అలా కూర్చోవడానికి నేను జీనుతో పోట్లాడాల్సి వస్తే ఆ పోట్లాట దెబ్బలు తినేది కింద ఉన్నదే.

కాబట్టి ముందు గుర్రానికి చూడండి, సరిపోయినవాటిలోంచి మీకు కుదిరింది తీసుకోండి. రెండూ కుదరనప్పుడు ఆ జీను వదిలెయ్యండి. దీనికి మధ్యేమార్గం నాకు కనిపించలేదు.

మా తాతల కాలంలో ఇన్ని కొలతలు లేవు, దొరికిన జీను వేసేవాళ్ళు, గుర్రాలు బతకలేదా అని అడిగేవాళ్ళున్నారు. గుర్రాల వీపుల గురించి అందరికంటే ఎక్కువ తల పట్టుకున్నది సైన్యాలే. వేల గుర్రాలకు ఒకే రకం జీను పంపాలి, రోజుకు ఎన్నో గంటలు మొయ్యాలి, వీపు పుండుపడిన గుర్రం దేనికీ పనికిరాదు. 1859లో అమెరికా సైన్యం తీసుకున్న మెక్‌లెల్లన్ జీనుకు సరిగ్గా వెన్ను మీద, కూర్చునే చోట, పొడవాటి సందు వదిలారు. బ్రిటిష్ సైన్యం 1912 నాటి యూనివర్సల్ ప్యాటర్న్ జీనుకు వీపు మీద ఆనే పక్క పలకలు ఉక్కు వంపు దగ్గర కీలు మీద కదిలేలా చేశారు, ఒక్కో వీపు వాలును బట్టి అవే సర్దుకోవాలని. అన్ని వీపులూ ఒకటి కావని నూరేళ్ళ కిందటే ఇనుములో పోతపోసి ఒప్పుకున్నారు. 'అన్ని గుర్రాలకీ సరిపోతుంది' అన్న మాట నేను విన్నది మాత్రం మూడేళ్ళ కిందట.

ఇంత తంటా ఎందుకు, జీనే లేకుండా ఎక్కితే సరి అనేవాళ్ళు ఇంకో రకం. కాసేపటికి ఫర్వాలేదు. కానీ చట్రం చేసే పనే బరువును వీపు మీద విశాలంగా పరచడం. అది లేకపోతే మన పిరుదుల ఎముకలు రెండూ ఆనిన చోటే బరువంతా దిగుతుంది. రోజూ, గంటల కొద్దీ, అది గుర్రానికి మేలు కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. జీను గురించి తెలిశాక కొన్నాళ్ళు నాకు ప్రతి కష్టానికీ జీనే కారణంగా కనిపించింది. అది కూడా తప్పే. పట్టీ బిగిస్తే కొరకడానికి కడుపులో పుండ్లూ కారణం కావచ్చు. జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారిపోతుంటే జీనును తిట్టే ముందు వెనక కాళ్ళు చూపించాలి. గుర్రాల కుంటితనం మీద జీవితకాలం పనిచేసిన పశువైద్యురాలు స్యూ డైసన్, ఆమెతో పనిచేసిన లీనె గ్రేవె ఈ సంగతి పరీక్షించారు. పైకి పెద్దగా కనిపించని వెనక కాలి కుంటితనం వల్లే జీను పక్కకు జారడం వాళ్ళు చాలా గుర్రాల్లో చూశారు. కాలి నొప్పి తెలియకుండా మత్తు ఇవ్వగానే ఆ జారడం ఆగిపోయేది. డైసన్ బృందమే రౌతు ఎక్కి ఉన్నప్పుడు గుర్రంలో చూడాల్సిన 24 ప్రవర్తనల పట్టిక తయారుచేసింది: చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం, నోరు తెరవడం, తల మాటిమాటికీ ఆడించడం, ముందుకు కదలనని మొరాయించడం లాంటివి. వాటిలో 8 లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే గుర్రానికి ఎక్కడో ఎముకల్లోనో కండల్లోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పట్టిక నేను మొదటిసారి చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. శాలలో మేమంతా కలిసి చుక్క పొగరుకు రుజువులుగా చెప్పుకున్నవే అందులో ఒక్కొక్కటిగా ఉన్నాయి.

చుక్కకు నాలుగు నెలలు జీను వెయ్యలేదు. చేత్తో పట్టుకుని నడిపించాను, పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పాను, మెడ కిందికి చాచి వీపు పైకెత్తడం మళ్ళీ నేర్చుకుంది. గుంటలు మెల్లగా నిండాయి. తర్వాత కొన్నది పాత జీనే, ఎవరో వాడి అమ్మేసింది, తోలు అంత అందంగా లేదు. కొనేముందు చట్రం విరగలేదని చూసుకున్నాం: ముందు భాగం పొట్టకు ఆనించుకుని వెనక ఎత్తును మన వైపు లాగితే మధ్యలో విరిగినట్టు వంగకూడదు, కిర్రుమనకూడదు. దిండ్లలో ఉన్ని గడ్డకట్టి ఉంటే ఆవిడే తీసేసి చుక్క వీపుకు తగ్గట్టు కొత్త ఉన్ని కూరింది. కొత్త ఉన్ని వాడేకొద్దీ అణుగుతుంది కాబట్టి కొన్ని నెలలకే మళ్ళీ చూసి సర్దింది. ఎక్కడానికి ఇప్పుడు నేను ఎప్పుడూ ఎత్తు పీటే వాడతాను. నేల మీద నుంచి ఎడమ రికాబు పట్టుకుని వేలాడుతూ ఎక్కితే జీను మెలి తిరుగుతుంది, మూపు ఒక పక్కకు గుంజుకుంటుంది.

ఇప్పుడు జీను పట్టుకుని వెళ్తే చుక్క చెవులు వాల్చదు. పట్టీ బిగించేటప్పుడు మాత్రం ఇంకా ఒకసారి మెడ తిప్పి నా చెయ్యి వైపు చూస్తుంది. చూడనిస్తాను. ఒక్కో బెజ్జమే బిగిస్తాను, మధ్యలో నాలుగడుగులు నడిపించి.

గుర్రం వీపు ఒకేలా ఉండదు. మేత మారినా, పని పెరిగినా, రెండు నెలలు ఖాళీగా ఉన్నా, వయసు మీద పడినా మారుతుంది. పోయినేడాది సరిపోయిన జీను ఈ ఏడు సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకని ఆవిడ నాకో అలవాటు నేర్పింది. వంచితే ఆ వంపులోనే నిలిచే రబ్బరు కొలబద్ద ఒకటుంటుంది, బొమ్మలు గీసేవాళ్ళు వాడేది. దాన్ని భుజం పలకకు రెండు వేళ్ళు వెనక మూపు మీద అదిమి, ఆ వంపును కాగితం మీద పెట్టి గీసుకుంటాను. అక్కడి నుంచి జానెడు వెనక ఇంకోటి, చివరి పక్కటెముక దగ్గర ఇంకోటి. పక్కన తేదీ వేస్తాను, కుడి ఎడమలు రాస్తాను. మూడు నెలలకోసారి గీసి పాతవాటి మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాను.

నిన్న గీసింది పోయినసారి దానికంటే ఎడమ పక్క వేలు మందం నిండింది. కుడి పక్క అలాగే ఉంది. ఆవిడకు ఫోన్ చేశాను, వచ్చే వారం వస్తానంది. అప్పటిదాకా చుక్కను చేత్తోనే నడిపిస్తాను.